స్టాప్‌వాచ్ పిల్ల ఎందుకు వెళ్ళిపోయింది

"పది నిమిషాల పని. దానికి ఇంత రాద్ధాంతం దేనికి?" అన్నాడు మా వాడు, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

నా కోడలు అప్పుడు వాడి చొక్కాకే గుండీ కుడుతోంది. సూది ఆగింది. ఆ పది నిమిషాలు ఎంత పొడవో ఈ ఇంట్లో కూర్చుని చూసినవాణ్ణి నేను. అందుకే చెబుతున్నాను.

జపాన్ వాళ్ళ బొమ్మల కథల పుస్తకాలున్నాయి, మాంగా అంటారు. మా వాడు ప్రతి శనివారం సాయంత్రం ముందు గదిలో ఫోను నిలబెట్టి, కొత్తగా వచ్చిన భాగాల మీద లైవ్‌లో మాట్లాడతాడు. ఎవరు ఎవర్ని ఎందుకు ఇష్టపడ్డారు, ఎందుకు అలిగారు అని వేలమంది వాడితో వాదిస్తారు. వాడిది కంచు గొంతు, ఒప్పుకోవాలి. కానీ ఆ పుస్తకాలు చదివేది కోడలు. పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబ్‌కి పోయి, నలభై చేతులకి సూదులు గుచ్చి, వాళ్ళ విసుగులన్నీ మింగి ఇంటికొస్తుంది. వంట చేస్తూ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం. ముఖ్యమైన పేజీల్లో చీటీలు పెడుతుంది. ఏ పిల్ల మనసులో ఏముందో, ఏ పిల్లాడు ఎక్కడ తప్పించుకుంటున్నాడో కాగితం మీద రాస్తుంది. వాడు స్నానం చేసి వచ్చేసరికి కథంతా నోటితో అప్పజెబుతుంది. ఆ తర్వాత వాడు ఫోను ముందు కూర్చుని, "నాకేమనిపించిందంటే..." అని మొదలుపెడతాడు. ఆమె ఫోను వెనక లైటు పట్టుకుని నిలబడుతుంది.

ఒకసారి లైవ్ మధ్యలో తుమ్మింది. ఆ తుమ్ముకి వాడు రెండు రోజులు మాట్లాడలేదు. "పోనీలేమ్మా, వాడికొచ్చే పేరు నీది కాదా?" అన్నాను నేను. సర్దిచెప్పాననుకుని కాళ్ళు చాపుకుని పడుకున్నాను కూడా. వాడు మాట్లాడకపోవడం కంటే నా మాటే ఎక్కువ మండించిందని ఎన్నాళ్ళకో తనే చెప్పింది. "పేరు నాదైతే, మామయ్యా, నన్నొక్కసారి ఆ పేరుతో పిలవమనండి" అంది.

ఇంతకీ ఆ శనివారం గొడవ ఏమిటంటే, పుస్తకాలు అద్దెకిచ్చే షాపావిడ కోడల్ని ఒక కోరిక కోరింది. తిరిగిచ్చిన పుస్తకాల్లో కోడలు రాసి మర్చిపోయిన చీటీలు చూసి కనిపెట్టిందట, ఈ తెలివి ఎవరిదో. "ఆదివారం మా షాపులో పాఠకులు కూర్చుంటున్నారు. చర్చ మీరు నడపండి" అంది. కోడలు ఆ కబురు మా వాడికి చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు.

"నువ్వా? నీ గొంతు నాలుగో వరసకి వినపడుతుందా? జనం నా మాట కోసం వస్తారే, పిచ్చిదానా."

"ఈ వారం మీకు రాసివ్వను. నాది నేను రాసుకోవాలి" అంది. దానికే ఆ పది నిమిషాల మాట.

గుండీ కుట్టడం పూర్తయ్యేదాకా తను లోలోపల ఏమనుకుందో నాకు తర్వాత చెప్పింది. నా గొంతు నిజంగానే చిన్నదా, లేక ఈ ఇంట్లో ఎవరూ పని ఆపి వినలేదు గనక చిన్నదైపోయిందా? ల్యాబ్‌లో చంటిపిల్లలు నా గొంతు వినే కదా ఏడుపు మానేస్తారు. ఆయన చొక్కా ఎక్కడ ఉందో, మామయ్య మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పినప్పుడు అందరికీ వినపడే గొంతు, నాకిది కావాలి అన్నప్పుడే ఎందుకు వినపడదు? వెళ్ళకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు. ఏమీ కాకుండానే పద్నాలుగేళ్ళు పోయాయి. ఇలా అనుకుంటూ దారం పంటితో కొరికిందట.

ఆ వారం వచ్చిన కథ ఇది. ఒక ఈత కుర్రాడు. వాడికి తెల్లారకముందే కొలను దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్క చూసే ఒక పిల్ల. వాడు పందెం గెలిచాడు. కొత్త భాగాల్లో ఆ పిల్ల స్టాప్‌వాచ్ నీళ్ళలోకి విసిరేసి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందని అభిమానులంతా జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు.

సాయంత్రం ఆరింటికి మా వాడు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కోడలు లైటు పట్టుకుంది. పదేళ్ళ మనవరాలు పక్కన కూర్చుని, జనం పంపే మాటలు పైకి చదువుతోంది. వాడు, కోడలు తనకోసం పెట్టుకున్న చీటీ ఉన్నచోట పుస్తకం తెరిచి, తనే చూసుకుని గొంతు విప్పాడు.

"చూడండి ఫ్రెండ్స్, ఆ పిల్ల గెలుపు చూసి ఓర్వలేకపోయింది. వాచీ విసిరేసి పోయింది. ఆ తర్వాత పేపరు విలేకరి వచ్చి గెలుపు గురించి అడిగితే, పాపం ఈ కుర్రాడు, 'నేను ఒక్కణ్ణే ప్రాక్టీస్ చేశాను' అన్నాడు. ఎంత ఒంటరితనం అండీ ఆ మాటలో! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

మనవరాలు చదవడం ఆపేసింది.

"ఏమంటున్నారే?" అన్నాడు వాడు.

"'అన్నా, పుస్తకం తిరగేసి చదివావా?' అంటున్నారు నాన్నా. అందరూ అదే. ఒకాయన నవ్వే బొమ్మలు ఇరవై పెట్టాడు."

ఆ పుస్తకాలు మన పుస్తకాల్లా ఉండవు. కుడి నుంచి ఎడమకి చదవాలి, బొమ్మలు కూడా అదే వరస. ఆ సంగతి చదివే ప్రతి పిల్లకీ తెలుసు. మూడేళ్ళుగా ఊరందరికీ కథ చెబుతున్న మా వాడికి తెలియదు. ఒక్క పుస్తకం కూడా తనంతట తాను చదవలేదు మరి.

వాడి మొహం కందగడ్డయింది. వెంటనే నవ్వాడు. "అదేం లేదు ఫ్రెండ్స్. చీటీలు మా ఆవిడ పెడుతుంది. తప్పు చోట పెట్టేసింది. వంటింటి మనిషి, ఆవిడకివన్నీ ఎక్కడ తెలుస్తాయి!"

లైటు కిందకి దిగింది. కోడలు దాన్ని కుర్చీ మీద పెట్టి, చీర కొంగు సర్దుకుని, ఫోను ముందుకొచ్చింది. మూడేళ్ళలో తను అటువైపు నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

"చీటీ సరిగ్గానే ఉంది" అంది, కుడి పేజీ మీద వేలు పెట్టి. "ఇక్కడ మొదలు. విలేకరి అడిగాడు. ఒక్కణ్ణే ప్రాక్టీస్ చేశానని ఈ కుర్రాడు అబద్ధమాడాడు. వెనకాల తువ్వాలు పట్టుకుని ఈ పిల్ల విన్నది. ఆ తర్వాతే వాచీ విసిరింది. ముందు ఏం జరిగిందో చూడకపోతే, విసిరిన చెయ్యే తప్పుగా కనిపిస్తుంది." ఊపిరి తీసుకుంది. "ఈ పుస్తకాలు చదివి ఈయనకి చెప్పేదాన్ని నేనే. రేపు షాపులో మాత్రం నేనే మాట్లాడతాను."

వాడు ఫోను లాక్కుని ఆపేశాడు.

"నలుగురిలో నా పరువు తీశావు! కట్టుకున్న మొగుణ్ణి! నాన్నా, మీరైనా గడ్డి పెట్టండి దీనికి."

ఆమె నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. ఈయన కూడా ఎడమ పక్క నుంచే మొదలుపెడతాడు అని ముందే తెలిసిన చూపు. నాకు సిగ్గేసింది. అలా తెలిసేలా చేసింది నేనే కదా.

"ముందు అబద్ధమాడింది నువ్వు కదరా" అన్నాను.

వాడు చాలాసేపు ఏదేదో అన్నాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకుని, తన కాగితాలు రాసుకుంది. బయట నుంచి వాడు "టీ" అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. రెండోసారి అన్నాడు. మనవరాలు లేవబోతే నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "వాడికి కాళ్ళున్నాయమ్మా."

ఆదివారం కోడలు మనవరాల్నీ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరింది. గుమ్మంలో మా వాడు అడ్డంగా నిలబడి, "మధ్యాహ్నం భోజనం సంగతేంటి?" అన్నాడు. "బియ్యం డబ్బాలో ఉన్నాయి" అంది, వాడి పక్క నుంచి దారి చేసుకుని.

షాపులో పాతికమంది ఉన్నారు. కోడలు కాగితాలు విప్పి మొదలుపెట్టింది. గొంతు నిజంగానే చిన్నది. వెనక వరసవాళ్ళు కుర్చీలు మోసుకుని ముందుకొచ్చి కూర్చున్నారు. గంటసేపు ఒక్కరూ లేవలేదు.

చివర్లో ఒక కాలేజీ కుర్రాడు లేచాడు. "మేడమ్, మీరు చెప్పింది నిజమే, వాడిది తప్పే. కానీ వచ్చే భాగంలో వాడు సారీ చెబితే ఆ పిల్ల వెనక్కి రావాలి కదా? లేకపోతే ఇది ప్రేమకథ ఎలా అవుతుంది? మీకేం చూడాలనుంది?"

కోడలు కాగితాలు మడిచింది.

"ఆ పిల్ల ఇన్నాళ్ళూ కొలను గట్టునే నిలబడింది బాబూ. తనకి ఈత వచ్చో రాదో ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనది చూడాలి."