‘కాస్త’ ఎన్ని కిలోలు?

ఆవిడ చెప్పులు తీసుకెళ్ళి అటక మీద పెట్టారు. పారిపోతుందని కాదు, నడుస్తుందని.

"గుండె కోసి కుట్టిన మనిషివి, నెల తిరిగిందో లేదో రోడ్డెక్కుతానంటావేంటమ్మాయ్? చూసినవాళ్ళు అనేది మమ్మల్నే కదా!" అంది వదిన. వదినంటే భర్తకు అక్క. మరదలికి ఆపరేషన్ అని తెలియగానే రెండు సంచులు సర్దుకుని దిగి, ఇంటి పెత్తనం చేతిలోకి తీసుకున్న మనిషి. చెడ్డది కాదు. మరదలు ఆపరేషన్ థియేటర్లో ఉన్న ఐదు గంటలూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "హాయిగా మంచం మీద కూర్చో. కాలు కింద పెట్టకు. అన్నట్టు, వెళ్ళేముందు కాస్త ఆ కుక్కర్ దించేసి పో."

మరదలు కుక్కర్ దించి, వెళ్ళి మంచం మీద కూర్చుంది.

చదువుతున్న మీకు ఇందులో తిరకాసు ఏదైనా కనిపించిందా? ఆ ఇంట్లో ఎవరికీ కనిపించలేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించే ఉంది. రోజూ నడవాలి, వారం వారం దూరం పెంచాలి అని పైన. మూడు నెలలు రెండు కిలోలకు మించి ఎత్తకూడదు, చేతులు భుజాల పైకి చాపకూడదు అని కింద. ఇంటిల్లిపాదీ చదువుకున్నవాళ్ళే. అయినా ఆ కాగితాన్ని తలకిందులుగా అమలు చేశారు. నడక మాన్పించారు, ఎత్తడం మాన్పించలేదు.

వింత ఏమిటంటే ఆవిడ వృత్తే తూకం. పార్సిల్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా కాటా దగ్గర కౌంటరు ఆవిడదే. లోడింగ్ మేస్త్రీ నుంచి మేనేజరు దాకా అందరూ ‘కాటా అక్క’ అనే పిలుస్తారు. పెట్టెను రెండు చేతులతో ఒకసారి లేపి, "ఏడు కిలోల మూడు వందలు" అనేది. కాటా ఆ తర్వాత ఒప్పుకునేది. అలాంటి మనిషి ఛాతీలో నొప్పిని ఏడాదిపాటు గ్యాసని సరిపెట్టుకుంది. చివరికి మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని తేలింది. రొమ్ము ఎముకను నిలువునా కోసి, బైపాస్ చేసి, ఎముకను తీగలతో బిగించి ఇంటికి పంపారు.

మేనేజరు పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చాడు. "తొందరేం లేదక్కా, రెస్టు తీసుకో" అంటూనే అసలు సంగతి చెప్పాడు. మూడు నెలలు దాటేలోగా పనికి పనికొస్తుందని డాక్టరు కాగితం తేవాలి. తేలేకపోతే కౌంటరు ఇంకొకరికి ఖాయం చేస్తారు. "అయినా ఇంక నీకెందుకక్కా ఈ బరువులు? ఇంట్లో కూర్చుంటే పోలా?" అని సలహా కూడా ఇచ్చి పోయాడు.

మొదటి రెండు వారాలూ ఇంట్లో ఆవిడ చేత పూచికపుల్ల ఎత్తించలేదు. భర్త కళ్ళజోళ్ళ షాపు ఆలస్యంగా తెరిచాడు. జిమ్‌లో కోచ్‌గా పనిచేసే కొడుకు పొద్దుటి బ్యాచ్ వదులుకున్నాడు. మూడో వారం నుంచి పనులు ఒక్కొక్కటిగా తమ పాత చేతుల్ని వెతుక్కుంటూ వచ్చాయి. ఎవరూ పని చెప్పలేదు సుమా! ‘కాస్త’ అన్నారంతే. కాస్త ఆ బియ్యం డబ్బా ఇలా జరుపు. అమ్మా, కాస్త వేణ్ణీళ్ళు బాత్రూంలో పెట్టవా. ఆ మాట ఎంత తీయగా ఉంటుందో, కాదనడం అంత కష్టం.

ఐదో వారంలో ఒక పొద్దున, నానబెట్టిన దుప్పట్ల బకెట్ వాకిట్లోకి తెచ్చి దించుతుంటే రొమ్ములో టక్కుమంది. ఊపిరి తీసుకుంటే మళ్ళీ టక్కుమంది. ఆవిడ బకెట్ పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఛాతీ మీద చెయ్యి ఆనించి దగ్గమన్నాడు. "ఎముక అతుక్కోలేదు, కదులుతోంది. ఏం ఎత్తారు?"

"ఏమీ ఎత్తలేదండీ."

"మేం కాలు కింద పెట్టనివ్వట్లేదు డాక్టరుగారూ, గుమ్మం కూడా దాటనివ్వట్లేదు" అన్నాడు భర్త కాస్త గర్వంగానే.

పక్కనే ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది. ఆపరేషన్ అయిన మూడో రోజే చెయ్యి పట్టుకుని వరండా పొడవునా నడిపించిన పిల్ల. ఆ పిల్ల కుర్చీ దగ్గరకు లాక్కుంది. "సరే ఆంటీ, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి. ఏదీ వదలొద్దు."

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. పాలు కాచాను, నీళ్ళు తోడాను, కుక్కర్ పెట్టాను, దించాను, మంచం కింద పెట్టె లాగాను, దుప్పట్లు నానేశాను, బకెట్...

అక్కడ ఆగిపోయింది. ఒళ్ళో ఉన్న రెండు అరచేతుల్నీ చూసుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఆ చేతులు అబద్ధం చెప్పవు.

"పద్నాలుగు కిలోలు" అంది మెల్లగా.

డాక్టరు ఉన్నమాట చెప్పాడు. ఇంకోసారి అలాంటిది ఎత్తితే ఛాతీ మళ్ళీ తెరవాల్సి రావచ్చు. నడక పెంచకపోతే గుండె బలం పుంజుకోదు. ఈ రెండూ దారికి రాకపోతే ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టడు.

ఆటోలో తిరిగి వస్తుంటే ఆవిడకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ముందు తన మీదే మండింది. ఊళ్ళోవాళ్ళ పెట్టెల్ని గ్రాములతో సహా తూచి చెప్పిన మనిషి, తన ఇంట్లో తాను మోసేదాన్ని ఒక్కరోజైనా తూచిందా? ఎందుకు తూచలేదు? అది బరువని అనుకోలేదు గనక. ఇంటి పనంటే గాలి పీల్చినట్టేనని చిన్నప్పటినుంచీ అందరూ అంటే తానూ అదే నమ్మింది. ఇంటికి చేరగానే లోడింగ్ మేస్త్రీకి ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున మేస్త్రీ వచ్చాడు. నెరిసిన మీసాల పెద్దమనిషి. ఆఫీసులో మూలన పడి ఉన్న కొక్కెం కాటా, ఒక చుట్ట లేబుళ్ళు, నల్ల మార్కరు తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఏం తూస్తావక్కా ఇంట్లో?"

"కాస్త తూస్తాను అన్నా. మా ఇంట్లో ‘కాస్త’ అంటారే, అది ఎన్ని కిలోలో తేల్చుకుందామని."

కాటాను వంటింటి గుమ్మం పైనున్న ఇనుప కొక్కేనికి మేస్త్రీ చేతే తగిలించింది. తాను కుర్చీ వేసుకుని, దగ్గొస్తే ఛాతీకి అదుముకోమని ఆసుపత్రివాళ్ళిచ్చిన చిన్న దిండు ఒళ్ళో పెట్టుకుని, కొడుకును పిలిచింది.

"రారా కోచ్ గారూ. కుక్కర్ తగిలించు, లోపల ఉన్నదాంతో సహా."

కొడుకు నవ్వుతూ తగిలించాడు. "నాలుగు కిలోల ఎనిమిది వందలమ్మా."

ఆవిడ లేబుల్ మీద రాసి, "అంటించు" అంది. బియ్యం డబ్బా పదకొండు. వాడి స్నానానికి ఆవిడ రోజూ మోసే వేణ్ణీళ్ళ బకెట్ పదమూడు. దుప్పట్ల బకెట్ పద్నాలుగు కిలోల వంద.

"వంద గ్రాములు తప్పాను, పనికి దూరమై చాలా రోజులైంది" అని ఆవిడే నొచ్చుకుంది.

కొడుకు నవ్వడం ఎప్పుడో మానేశాడు. "జిమ్‌లో కొత్తగా చేరినవాళ్ళని, ఏ జబ్బూ లేనివాళ్ళని, మొదటి నెల ఐదు కిలోలు దాటనివ్వను" అన్నాడు. అద్దాల ముందు నిలబడి పన్నెండున్నర కిలోల డంబెల్ ఎత్తి చొక్కా విప్పి ఫొటోలు దిగే కుర్రాడు, తల్లి మోసిన బకెట్‌ను కొక్కెం నుంచి తీసి జాగ్రత్తగా కింద పెట్టాడు.

భర్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి ఇంట్లో ఆ కళ్ళజోడు ఏం పనిచేసిందో మనం అడగనక్కర్లేదు, ఆయన మొహమే చెబుతోంది.

వదిన మాత్రం ఊరుకోలేదు. "ఇంటి పనికి కాటా కట్టడం ఎక్కడైనా విన్నామా? నలుగురూ వింటే నవ్విపోతారు. మేమంతా చెయ్యలేదూ? నా కడుపు ఆపరేషన్ అయిన పదో రోజు నీళ్ళ బిందె మోశాను. ఎవరికైనా చెప్పుకున్నానా?"

"చెప్పుకోవాల్సింది వదినా."

"ఎవరికి చెప్పుకోను? పడుకుంటే సోమరిపోతునంటారు. అప్పటినుంచే ఈ నడుం ఇలా..." వదిన నడుం మీద చెయ్యి వేసుకుని ఆగింది. అందరికీ తెలిసిన నడుం నొప్పి అది. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. కొంచెంసేపు కాటా వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ బిందె ఎంతుండి ఉంటుందంటావ్?"

"ఇత్తడిదా?"

"ఇత్తడిదే. నిండా."

"పద్దెనిమిది కిలోలకు తగ్గదు వదినా."

"పద్దెనిమిది" అంది వదిన. వంటింట్లోంచి స్టూలు లాక్కొచ్చి ఎక్కబోతుంటే, మేనల్లుడు ఆపి తానే ఎక్కాడు. అటక మీది చెప్పులు దుమ్ము దులిపి అత్త చేతికిచ్చాడు. వదిన వాటిని మరదలి కాళ్ళ ముందు పెట్టింది. "నడువు. ఎవడేమంటాడో నేనూ చూస్తాను" అంది.

అనేవాళ్ళు అన్నారు. ఆపరేషన్ అయిన ఆడమనిషి ఇలా వీధులు కొలుస్తుందా అని మేడమీది నుంచి ఒకావిడ అంది. పాపం, ఇంట్లో చూసేవాళ్ళు లేరు కాబోలని టైలరు షాపు ముందు ఒకాయన జాలిపడ్డాడు. "చూసేవాళ్ళున్నారు కాబట్టే నడుస్తున్నానండీ!" అని ఆవిడ ఆగకుండానే జవాబిచ్చింది. మొదటి రోజు మలుపు దాకా ఐదు నిమిషాలు. వెనకాల భర్త, ఎక్కడైనా కూర్చుంటుందేమోనని చంకలో ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుని ఊరేగింపు. మూడో రోజు ఆ స్టూలు మీద ఆయనే కూర్చున్నాడు. వారానికి టైలరు షాపు, మూడు వారాలకు నీళ్ళ ట్యాంకు, తర్వాత ట్యాంకు చుట్టూ రెండు చుట్లు. కొన్ని రోజులు కాళ్ళు పీకేవి, భయం వేసేది, తెల్లారేసరికి దిగులు కమ్మేది. అప్పుడు తలుపు దగ్గర నిలబడి వదిన గదమాయించేది: "ఏంటమ్మాయ్ ఇంకా మంచం మీదే? చెప్పులెక్కడ?"

వేణ్ణీళ్ళు ఇప్పుడు కొడుకే మోసుకుంటున్నాడు. దుప్పట్లు భర్త చేతికి వచ్చాయి. మొదట్లో ఆయన పిండిన దుప్పటి నుంచి వాకిలంతా కాలవ కట్టేది, తర్వాత దారిన పడ్డాడు. లేబుళ్ళు చూసి ఇంటికొచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పీకేద్దామా అని భర్త ఒకసారి నసిగితే, "ఉండనివ్వండి. సిగ్గుపడాల్సింది లేబుల్ కాదు" అంది ఆవిడ.

పన్నెండో వారం ఆసుపత్రి వరండాలో ఫిజియోథెరపీ అమ్మాయి గడియారం పట్టుకుని ఆరు నిమిషాలు నడిపించింది. ఆయాసం లేదు. ఎముక అతుక్కుంది. డాక్టరు సంతకం పెడుతూ, ఇకనుంచి బరువు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చని, పెద్ద పెట్టెలు మాత్రం ఇంకొన్నాళ్ళు వద్దని రాశాడు.

మేనేజరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఎత్తకూడదని రాశాడు కదక్కా, మరి కౌంటరెలా?"

"ఎత్తడానికి మనుషులున్నారు, కాటా ఉంది. నా పని తూకం చెప్పడం. దానికి గుండె కావాలి, అది బాగుచేయించుకుని వచ్చాను" అని ఆవిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. లోడింగ్ మేస్త్రీ ఈల వేశాడు. మేనేజరు కాగితం మడిచి పట్టుకుని తన గదిలోకి పోయాడు.

ఆ మధ్యాహ్నం దంపతులిద్దరు వచ్చారు. భార్య ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో పెద్ద గోనెసంచిని మెట్ల మీదుగా ఈడ్చుకొస్తోంది. ఆయన ముందు నడుస్తున్నాడు, చేతిలో అడ్రసు రాసిన చీటీ ఉంది.

"కాస్త సామానే మేడమ్, త్వరగా తూచి పంపండి" అన్నాడాయన. భార్య వంగి సంచి ఎత్తబోయింది.

"ఆగమ్మా, వదిలెయ్" అంది కాటా అక్క. కౌంటరు వెనకనుంచి లేచి నిలబడింది. "మీరు రండి సార్. కాటా మీద మీరే పెట్టండి."

ఆయన చీటీ జేబులో పెట్టుకుని, ఒక చేత్తో లేపబోయాడు. లేవలేదు. రెండు చేతులూ వేశాడు, మొహం ఎర్రబడింది, రొప్పుతూ కాటా మీద పడేశాడు. పందొమ్మిది కిలోల ఆరు వందలు. అంకె చూశాడు, భార్యను చూశాడు, తల దించుకున్నాడు.

"ఇది కాస్త కాదు సార్" అంది కాటా అక్క, హాలంతా వినబడేటట్టు. "ఆడవాళ్ళు చేసే పనికి బరువు లేదనుకునేవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు, ఒక్కసారి దాన్ని వాళ్ళ చేతే మోయించాలి."