రోబినా కప్పులో టీ

పొద్దున్నే ఏడింటికి తోరా చేసే మొదటి పని రోబినాకు ఫోన్ చేసి, "అత్తా, టీ ఎలా ఉంది?" అని అడగడం. స్ట్రామ్‌నెస్ రేవులో పడవలవాళ్ళందరూ చేసేదే. రోబినా కప్పులో టీ ఎలా ఉంటే బయట సముద్రం అలా ఉంటుంది. టీ తొణికిందంటే ఆ పూట పడవలు కట్టేసుకుంటారు. సముద్రాన్ని చూసి టీ కదులుతుందా, టీని చూసి సముద్రం కదులుతుందా అని ఎవరూ అడగలేదు. భర్త మాన్సీ మునిగిపోయినప్పటి నుంచి, నలభై ఏళ్ళుగా, రోబినా ఆ కప్పులో చెంచా పెట్టలేదు. పాలూ పంచదారా లేని టీయే తాగుతుంది.

"అద్దంలా ఉందే," అంది రోబినా వరసగా తొమ్మిదో రోజు కూడా.

తోరాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు కష్టపడి అలల నుంచి కరెంటు తీసే యంత్రం తయారుచేసింది. దాన్ని సముద్రంలోకి లాక్కెళ్ళడమే పెద్ద ప్రహసనమైంది. రేవు దాటేటప్పుడు కొత్త కెప్టెన్ పడవను సూర్యుడు తిరిగే దిక్కుకు ఎదురు తిప్పాడని, అది అపశకునమని రోబినా కొడుకు ఎర్లెండ్ నానా యాగీ చేశాడు. వెనక్కి తెప్పించి, సవ్యంగా తిప్పించి మరీ కదలనిచ్చాడు. సముద్రం నెమ్మదిగా ఉన్న పూట సగం దానికే పోయింది. అప్పుడు ఆగమంటే ఆగని సముద్రం ఇప్పుడు కదలమంటే కదలదు. పరీక్ష నెగ్గాలంటే ఈ రోజు పన్నెండులోగా యంత్రం గంటసేపు ఆగకుండా కరెంటు ఇవ్వాలి. లేకపోతే రేపే బయటికి లాగి తుక్కు కింద కోసేస్తారు.

పదిన్నరకు తోరా వచ్చి రోబినా వంటింట్లో కూలబడింది. చెయ్యి చాస్తే కనబడనంత పొగమంచు. ఒక్క పడవా రేవు దాటలేదు. ఒడ్డున గదిలో మీటరు ముందు పరీక్షాధికారితో పాటు కూర్చున్న ఎర్లెండ్ ఫోన్ లైన్లోనే ఉన్నాడు.

"సున్నా. ఇంకా సున్నాయే," అన్నాడు. "ఈయన నా బిస్కెట్లన్నీ తినేశాడు."

"అత్తా, ఒక్కసారి చెంచా పెట్టి తిప్పవూ," అంది తోరా.

రోబినా ముఖం పాలిపోయింది. "అది మాత్రం అడక్కే."

"పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. నీ కొడుకు ఒడ్డునే ఉన్నాడు. ఎవరికేమవుతుంది? నా బతుకంతా ఆ యంత్రమే!" తోరా ఏడ్చేసింది. ఏడుపు కంటే విసుగే ఎక్కువ.

రోబినా సొరుగులోంచి చెంచా తీసి సవ్యంగా ఒక్క చుట్టు తిప్పింది.

"లేచింది!" ఫోన్లో ఎర్లెండ్ అరిచాడు. "ఇరవై... నలభై! ఇలా గంట నిలిస్తే చాలు!"

తోరా గంతేసింది. రోబినా మాత్రం కప్పు వంకే చూస్తోంది.

"సవ్యంగా ఒక్క చుట్టుకే ఇంత లేస్తే," అంది మెల్లగా, "ఆ రోజు మాన్సీ మీద కోపంతో అపసవ్యంగా తిప్పానే. తిప్పుతూనే ఉన్నానే. నా వల్ల కాదేమోలే అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను. అయితే నేనే చంపానన్నమాట."

యంత్రం తప్ప మరొకటి తోరా అంతవరకూ ఆలోచించనే లేదు.

"అరవై!" అన్నాడు ఎర్లెండ్.

"ఇంకోసారి తిప్పి చూస్తా. తేలిపోతుంది," అంటూ రోబినా చెంచా ఎత్తింది.

తోరా కప్పు లాక్కుని గటగటా తాగేసింది. నాలుక చుర్రుమంది.

"ఏమైందే? సున్నాకి పడిపోయింది!" అన్నాడు ఎర్లెండ్.

"పడక చస్తుందా," అంది తోరా ఫోన్లో. "అలలూ లేవు, గిలలూ లేవు. మీటరు పిచ్చి లెక్కలు చూపించింది. యంత్రంలోనే లోపమని ఆయనకి చెప్పు. తీసుకుపొమ్మను."

ఫోన్ పెట్టేసింది. రోబినా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిజమేనా?"

"నిన్న కూడా మీటరు ఇలాగే ఊరికే ఎగిరింది అత్తా. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

రోబినా కుర్చీలో వెనక్కి వాలి గుండెల నిండా గాలి పీల్చుకుంది. తర్వాత తోరాను ఎగాదిగా చూసింది.

"పదకొండేళ్ళు కూర్చుని చేసింది ఈ పనికిమాలిన దాన్నా! నీకంటే మా ఎర్లెండే నయం కదే," అంది, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.