మూత మీది బొట్టు

కిరసనాయిలు వాసన. దాంతో పాటే, వాడిపోతున్న మిరప ఆకు వాసన.

ఈ రెండూ కలిసి ముక్కుకు తగిలితే చాలు… ఆ భాద్రపదం వచ్చి నా ముందు నిలబడుతుంది.

కర్నూలులో కొత్త రాష్ట్రం జెండా ఎగరేసిన మరుసటి ఏడు. రాచర్ల పక్కన మా ఊళ్లో బావి నీళ్లు తోడే మొదటి ఇంజను నాది. గొర్రెల మందలో సగం అమ్మి కొన్నాను. గిద్దలూరు స్టేషనులో దించుకుని, బండి మీద బావి దాకా తెచ్చుకున్నాను. నా భార్య చెంచమ్మ ఎదురొచ్చి దిష్టి తీసింది. ఇక ఎద్దులను కట్టి కపిల తోలి నీళ్లు లాగే పని లేదు, ఎద్దుల మెడలకు సుఖం అనుకున్నాను.

ఇంజనుతో పాటు సామ్యేలు వచ్చాడు.

వాళ్ల నాయన మా కపిలకు తోలుతొట్టి కుట్టిన మనిషి. సామ్యేలు మాత్రం రైలు స్టేషనులో నీళ్ల ఇంజను దగ్గర మూడేళ్లు పనిచేసి, ఆ విద్య పట్టుకొని ఊరి బయట తన పాలేనికి తిరిగొచ్చాడు. ఆదివారం ప్రార్థనకు పోయేవాడు. మిగతా ఆరు రోజులూ నా బావి దగ్గరే.

హ్యాండిలు నాలుగు తిప్పులు తిప్పేవాడు.

డుగ్… డుగ్… డుగ్‌డుగ్‌డుగ్.

కాలువలో నీళ్లు పడేవి. నాకు కడుపు నిండేది.

శుక్రవారం శుక్రవారం ఇంజనుకు పూజ నేనే చేసేవాణ్ని. గొర్రెలకు చేసినవాణ్ని, ఎద్దులకు చేసినవాణ్ని — దీనికి చెయ్యకుండా ఎట్లా ఉంటాను? కానీ ఇంజనుకు నొసలు ఎక్కడ? చుట్టూ తిరిగి చూశాను. పైన నూనె ట్యాంకు, కిరసనాయిలు పోసేది. దానికి ఇత్తడి మూత. మూతకు నడిమధ్య సూది మొన పట్టేంత గుంట. బొట్టు పెట్టడానికే చేశారనుకున్నాను, నా తెలివి అంత.

అక్కడే పసుపు ముద్ద అద్దాను. దాని మీద కుంకుమ. ప్రతి శుక్రవారం, పాతదాని మీద కొత్తది.

నెల తిరిగేసరికి ఇంజను మొండికేసింది.

సామ్యేలు లేని ఆదివారాలు నేను తిప్పేవాణ్ని. లేచేది. కాసేపు నడిచేది. దగ్గి ఆగిపోయేది. సోమవారం సామ్యేలు వచ్చి, మూత తీసి, జొన్న పుల్లతో నూనె చూసి, మూత వదులుగా పెట్టి తిప్పేవాడు. సాయంత్రం దాకా ఆగేది కాదు.

"మూత బిగించొద్దన్నా. కొంచెం వదులుగా ఉండనీ" అన్నాడు ఒకసారి.

"దుమ్ము పడదా?" అన్నాను.

ఏదో చెప్పబోయాడు. మూత మీది బొట్టు వైపు చూశాడు. తల వంచుకుని ఊరుకున్నాడు.

ఆ తల వంచుకోవడం నాకు నచ్చలేదు. ఏదో దాస్తున్నాడనిపించింది.

వాన మొహం చాటేసింది. అప్పుడే కూతురి కాన్పని సామ్యేలు కనిగిరి పోయాడు. నాలుగు రోజులు. మిరప నారు నాటి పదిరోజులు కాలేదు. నేను తిప్పాను. ఆగిపోయింది. పైపు విప్పి ఊదాను. వడగట్టే గుడ్డ ఉతికాను. మూత తీసి చూశాను, నూనె ఉంది. మళ్లీ గట్టిగా బిగించాను. తిప్పాను… ఆగిపోయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగో రోజుకు మొక్కలు సగం తలలు వాల్చాయి.

పక్క చేను రామసుబ్బయ్య గట్టు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు.

"వాని చేతికే లేస్తాదంటే, వాడేదో చేసి పోయినాడు కాటమన్నా" అన్నాడు.

ఆ మాట నాలో దిగబడింది.

అయిదోనాడు సామ్యేలు బస్సు దిగి నేరుగా చేనికే వచ్చాడు. వాడిన మొక్కలు చూసి పరుగెత్తాడు. మూత తీశాడు. వదులుగా పెట్టాడు. నాలుగు తిప్పులు.

లేచింది.

అదే నేను ఓర్చుకోలేకపోయాను. గట్టు మీద నలుగురు ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకు లేవనిది నీకెట్ల లేస్తుంది? ఏం చేసి పోయినావు?"

"నేనేం చెయ్యలేదన్నా."

"చెయ్యనోనివి నేల చూపులెందుకు? నువ్వు లేకుంటే నాకు గడవకూడదని ఇంజను నడవకుండా కట్టేసి పోయినావు. రేపట్నుంచి రావద్దు."

సామ్యేలు చేతులు తుడుచుకున్నాడు. ఆ గుడ్డను మడిచి బావి గోడ మీద పెట్టాడు. వెళ్లిపోయాడు.

దసరాకు ముందు చెంచమ్మ ఇత్తడి సామానంతా చింతపండుతో తోమింది. ఇంజను మూత కూడా అడిగి తీసుకుపోయింది. కడిగి, ఆరబెట్టబోతూ ఆగింది.

"ఏమయ్యా… దీనికి బెజ్జం ఉంది చూడు."

ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాను. వెలుతురు చుక్క కంట్లో పడింది.

మూత పెట్టి గట్టిగా బిగించాను. తిప్పాను. పొద్దు వాలి నేను ఆపేదాకా ఇంజను నడిచింది. ట్యాంకులోకి గాలి పోయే దారి అది. గాలి పోకపోతే నూనె కిందికి దిగదు. నా వేలితో నేనే, శుక్రవారం శుక్రవారం, భక్తిగా ఆ దారి మూశాను. సామ్యేలు చేసిందల్లా మూత వదులు చెయ్యడమే.

సామ్యేలు కూతురి దగ్గరే ఉన్నాడని విని కనిగిరి పోయాను. రోడ్డు పక్కన కంకర కొడుతున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు.

"తెలిసి కూడా చెప్పలేదేంది సామ్యేలూ?"

"అది నువ్వు పెట్టుకున్న బొట్టన్నా. పాలెమోణ్ని, ప్రార్థనకు పొయ్యేటోణ్ని. నీ పూజ గీకెయ్యమని నేనంటే ఊళ్లో ఎట్ల ఇనపడేది?"

అతని పక్కనే కంకర మీద కూర్చున్నాను.

"తప్పు నాది. రా. ఇంజను నువ్వే చూసుకో" అన్నాను.

"ఇంజను వద్దులే అన్నా. గిద్దలూరు మిల్లుకు పోతే, ఇంజన్లు కట్టేసేటోడని గడప తొక్కనీలే. నలుగురి ముందర అన్న మాట నలుగురి ముందరే తీసెయ్. నాకు పని దొరుకుతుంది. అంతే చాలు."

"చెప్తాను" అన్నాను. అబద్ధం కాదు. నిజంగానే చెప్పాలనుకున్నాను.

మరుసటి రోజు ఇంజను నడుస్తోంది. కాలువలో కాళ్లు కడుక్కుంటూ ఆ నలుగురే ఉన్నారు.

"చూసినావా కాటమన్నా, వాడు పోయినాక ఎంత బాగా నడస్తాందో" అన్నాడు రామసుబ్బయ్య.

మాట నోటి దాకా వచ్చింది. పసుపు. బెజ్జం. నా వేలు. వాళ్లు నవ్వే నవ్వు కూడా అప్పుడే వినిపించింది — ఊరూరా చెప్పుకుని నవ్వే నవ్వు.

"ఊ" అన్నాను.

కంకర కుప్ప దగ్గర సామ్యేలు ఎన్నాళ్లు ఎదురుచూశాడో… పోయి అడిగే మొహం నాకు లేదు.