నాలుగో మంచంకోడు

మాచర్లలో నాగూర్ వలి ముప్పయ్యేళ్ళుగా టేకు మీద ఉలి నడుపుతున్నాడు. రెంటచింతల రామబ్రహ్మం కొత్తింటికి పందిరిమంచం కావాలని ఆయన దగ్గరికే వచ్చాడు. నాలుగు కోళ్ళు, ఒక్కోదాని చుట్టూ మల్లెతీగ అల్లుకుని పైకి పాకాలి.

"చేతి పనే కావాలి వలీ. మెషిన్ పనయితే నేను చూడంగానే కనిపెడతా," అన్నాడు.

టేకుకీ తుమ్మకీ తేడా తెలియని మనిషి ఆ మాటంటుంటే, వలి కూతురు నౌషీన్ మొహం అటు తిప్పుకుంది. డిప్లొమా చదివిన నౌషీన్ అల్యూమినియం పట్టీలూ మోటార్లూ తెచ్చి, షెడ్డులో సొంతంగా, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్సీ మెషిన్ కట్టుకుంది. దానిమీద తలుపు చెక్కలకి పూలు చెక్కుతుంది.

మొదటి కోడు పూర్తయ్యేసరికి వలికి కుడిభుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. మిగతా మూడూ మెషిన్ మీద చేస్తామని నౌషీన్ ఫోన్ చేసి చెప్పింది. రామబ్రహ్మం గొణిగాడు గానీ, గృహప్రవేశానికి రోజుల్లేవు, ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఆమె మెషిన్ పలక మీద పైపైన చెక్కుతుంది గానీ గుండ్రటి కోడు చుట్టూ తిరగలేదు. అందుకని కోడునే తిప్పే ఏర్పాటు చేసింది. కోడు కొసను బిగించి తిప్పే పాత లేత్ చక్, దానికో మోటారు, బెల్టు, పుల్లీలు, అవతలి కొసను పట్టి ఉంచే మొన. ట్రయల్ చూస్తానని రామబ్రహ్మం వచ్చి కుర్చీ వేయించుకున్నాడు.

తీగ కోడు చుట్టూ బాగానే తిరిగింది. తీరా చుట్టు ముగిసేచోట, చివరి ఆకు మొదటి ఆకు మీదికి బొటనవేలు మందాన ఎక్కి కూర్చుంది.

"ఏందమ్మా ఇది? ఆడపిల్లకి ఈ ఆటలెందుకు? వలీ, నీ చెయ్యి తొందరగా బాగుచేయించుకో," అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

నౌషీన్ మెషిన్ ఆపేసింది. బెల్టు విప్పి, చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని పెద్ద పుల్లీ పళ్ళు లెక్కపెట్టింది. అరవై అని అమ్మినవాడు యాభై ఎనిమిది పళ్ళది అంటగట్టాడు, అందుకే కోడు చుట్టుకి మించి తిరిగింది. అమ్మినవాణ్ణి నాలుగు తిట్టి, కంప్యూటర్లో లెక్క మార్చింది. ఈసారి ఆకులు అతుకు కనపడకుండా కలిశాయి. అబ్బాని పిలిచి చూపిస్తే వలి ఎడమచేత్తో తడిమి, "బాగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట అరుదు.

వారం తర్వాత రామబ్రహ్మం వచ్చాడు. నాలుగు కోళ్ళూ గోడకి నిలబెట్టి ఉన్నాయి. కళ్ళజోడు సవరించుకుని ఒక్కోటీ నిమిరి, ఒకదాని ముందు ఆగాడు.

"ఇది మెషిన్‌దే. దీంట్లో ప్రాణం లేదు. వలీ, నీ చెయ్యి బాగైనట్టుంది. ఈ మూడూ చూడు, చేతి పనితనం ఎట్టా తెలుస్తోందో."

నౌషీన్‌కి ముందు నవ్వొచ్చింది. పక్కకి చూస్తే అబ్బా తల దించుకుని భుజం రుద్దుకుంటున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"అది నేను చేసిందయ్యా," అన్నాడు వలి మెల్లగా.

"తెలుసులే. నీకు తెలుసో లేదోనని అడిగా," అన్నాడు రామబ్రహ్మం, ఏమాత్రం తడుముకోకుండా.

"మూడూ మెషిన్‌వేనని మీకు ఫోన్లో చెప్పా," అంది నౌషీన్. అబ్బా చేసిన కోడు తీసుకుని లోపల పెట్టొచ్చింది. "ప్రాణం లేంది మీకెందుకండీ. ఇంకోటి చేసిస్తా. నాలుగు గంటలు పడుతుంది, కూర్చుంటారా?"

కూర్చోక ఏం చేస్తాడు. మంచం ఎల్లుండికి ఇంట్లో ఉండాలి. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కండువాతో విసురుకుంటూ కూర్చున్నాడు. చెక్కపొడి తెల్లచొక్కా మీద పడుతుంటే దులుపుకున్నాడు. మధ్యలో వియ్యంకుడి ఫోన్ వస్తే, "మాచర్లలో ఉన్నా బావగారూ. కూర్చోబెట్టి మరీ చేయిస్తున్నా, అచ్చంగా చేతి పని," అన్నాడు గట్టిగా, మెషిన్ మోత దాటి వినపడేట్టు.

నౌషీన్ అతనివైపు చూడలేదు. వలి స్టూలు మెషిన్ దగ్గరికి జరుపుకుని, చెక్క ఎట్టా తిరుగుతోందో చూస్తూ కూర్చున్నాడు.