పోస్టర్ మీద కుమారి

సాయిశ్రీనివాస్ మడతలు విప్పి బల్ల మీద పరిచిన పాత పోస్టర్‌లో మా అమ్మ ఉంది.

పసుపు కాగితం మీద ఎరుపు అచ్చు. బొమ్మ అచ్చేసిన బ్లాకు అరిగిపోయి ఒక కన్ను అలికేసినట్టుంది. కింద లావుపాటి అక్షరాలు: 'స్త్రీ పాత్రలో కుమారి చిన్నారి'. సంవత్సరం ఎనభై ఏడు. అప్పుడు నేను ఏడో తరగతి.

"నాన్న పెట్టెలో దొరికింది బావా. ఆ నాటకమే మళ్లీ వేస్తన్నాం. అచ్చం ఇలాగే, రెట్రోగా చేసేయాలి. ఈ బొమ్మే పెట్టు. ఎవరో గాని, కళ ఉంది."

సాయిశ్రీనివాస్‌ది బెల్లం వ్యాపారం, నాటకాలంటే పిచ్చి. నేను షాపు పెట్టిన రోజు నుంచీ ఫ్లెక్సీలన్నీ నాకే ఇస్తాడు. ఆ పేరు మీద వేలితో కొట్టి నవ్వాడు.

"కుమారంట! ముగ్గురు పిల్లల తల్లయినా పోస్టర్ మీద కుమారే కదా ఈళ్లు."

నేనూ నవ్వాను.

ఆ నవ్వు నాకు తెలియకుండా వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. కాదు. చిన్నప్పటి నుంచీ తయారుగా పెట్టుకున్న నవ్వది. అప్పట్లో స్కూలు గోడ మీద ఇదే పోస్టర్ అంటించారు. కుమారి అన్న మాట కింద ఎవరో బొగ్గుతో నా పేరు రాశారు. ఆ సాయంత్రం, "నువ్వింక నాటకాలెయ్యకు" అన్నాను అమ్మతో. ఎందుకని ఆమె అడగలేదు. ముఖానికి రంగు వేసుకోవడం ఆ రోజుతో మానేసింది. మళ్లీ ఉత్త గంగాభవాని అయిపోయింది. కుమారి చిన్నారిని ఊరంతా మరిచిపోయింది, నేను తప్ప.

"బ్లాకు బాగా పోయింది, స్కాన్‌లో రాదు. వేరే బొమ్మ పెడతాను," అన్నాను.

అబద్ధం. స్కాన్‌లో చక్కగా వచ్చింది. దాన్ని తీసేసి, కంప్యూటర్ పుట్టించిన ఒక ముఖం పెట్టాను. ఎవరికీ అమ్మ కాని ముఖం. పేరు అక్షరం అక్షరం చెరిపాను. తర్వాత రెండు రోజులు కూర్చుని కాగితానికి మడతలు, చెమ్మ మరకలు, అంచుల్లో చిరుగులు పెట్టాను. ఇంత శ్రద్ధగా ఏ పనీ చేసినట్టు గుర్తు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ క్యారేజీ తెచ్చింది. బల్ల మీద చోటు లేక స్కానర్ మూత మీద పెట్టింది. ఆ మూత కిందే పాత పోస్టర్ బోర్లా ఉంది.

"అక్కడొద్దు!" అన్నాను, అనవసరంగా గట్టిగా.

అంతలో సాయిశ్రీనివాస్ వచ్చాడు. స్క్రీన్ చూసి మెచ్చుకున్నాడు. "మరి మా పాతది ఇచ్చేయ్" అంటూ క్యారేజీ పక్కకి జరిపి, తనే మూత ఎత్తి కాగితం తీశాడు.

"అత్తా, నువ్వు అప్పటి మనిషివి కదా. ఈవిడెవరో ఎరుగుదువా?"

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. కాగితం చూసింది. స్క్రీన్ చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. బొగ్గు రాతలు చూసి నేను ఇంటికి పరిగెత్తుకొచ్చిన రోజు నన్ను ఎలా చూసిందో అలాగే చూసింది.

"తెల్దు బాబూ. ఎవులి తల్లో, పాపం."

"కుమారని ఉంటే తల్లేటత్తా!" పకపకా నవ్వాడు.

"అవును బాబూ, నాను సూసుకోనేదు." అమ్మ కూడా నవ్వింది. "సల్లారిపోతాది, తినీ," అని నాతో చెప్పి గుమ్మం వైపు నడిచింది.

మా అమ్మే అని చెప్పబోయాను. 'మా' గొంతులోనే ఉండిపోయింది.

"అమ్మే..." అని మాత్రం బయటికొచ్చింది.

"ఓలమ్మో అని నువ్వూ నోరెళ్లబెడతన్నావా! చూసేవా మరి, కళ ఉందని నే చెప్పలేదా?" సాయిశ్రీనివాస్ నా భుజం చరిచాడు.

ఒక్క మాట కలిపితే చాలు.

గుమ్మం అవతల అమ్మ చెప్పులు తొడుక్కుంటోంది. చెప్పులు తొడుక్కోవడానికి అంతసేపు పట్టదు. అంతసేపూ నేను తల దించుకుని స్క్రీన్ మీద ఒక దొంగ మడతను సరిచేస్తూ కూర్చున్నాను.