విన్నపాల పెట్టె

శనివారం మధ్యాహ్నం నేను తెల్ల అంగీ ఇస్త్రీ చేస్తుంటే, మా ఆయన కాఫీ తాగుతూ, పైన ఎవరూ లేరని చెప్పాడు. ఫ్యాను బాగు చేయించాలన్నంత మామూలుగా చెప్పాడు. ఆ అంగీ ఆయనదే. ఆయన పాస్టరు.

"దేవుడంటే ఎక్కడో కూర్చున్న మనిషి కాదు. ఒకరి బాధ ఒకరం వింటాం చూడు, ఆ వినడానికి మనం పెట్టుకున్న పేరు. ఈ సైన్సు కాలంలో ఇంకోలా నమ్మలేం. రేపటి ప్రసంగం అదే. కాస్త సాఫీగా రాసిపెట్టు."

నేనేమీ ఉలిక్కిపడలేదు. ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్ళుగా జనం రక్తం చూస్తున్నదాన్ని. ప్రార్థించేవాళ్ళ రిపోర్టులూ ప్రార్థించనివాళ్ళ రిపోర్టులూ ఒకేలా వస్తాయని నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. కానీ కాలరు మీద నా చెయ్యి ఆగిపోయింది. పైన ఎవరూ లేకపోతే మరి పాప ఎక్కడుంది?

మా పాప ఏడు రోజులు బతికింది. పదిహేడేళ్ళయింది. అత్తయ్య ఎనిమిదో రోజే ఊయల తీయించేసి, దేవుడి దగ్గర హాయిగా ఉంది, ఇక ఆ పేరు ఎత్తకమ్మా అంది. తల్లి మాట జవదాటని మా ఆయన మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కుక్కరులో ఆవిరి తగ్గుతుంటే ఆ ఏడుపు సన్నగా వినిపిస్తుంది. స్టవ్ కట్టేసి చెవి ఒగ్గి నిలబడతాను. ఏమీ ఉండదు.

"మరి పాప?" అన్నాను.

ఆయన కప్పులోకి చూశాడు. "మన జ్ఞాపకాల్లో ఉంది."

‘మన’ జ్ఞాపకాలట! ఒళ్ళు మండిపోయింది.

చర్చి గుమ్మం దగ్గర విన్నపాల పెట్టె ఉంటుంది. జనం తమ కష్టం చీటీ మీద రాసి అందులో వేస్తారు. పాస్టరుగారు చదివి ప్రార్థిస్తారని వాళ్ళ నమ్మకం. పాస్టరుగారికి తీరికేదీ? శనివారం శనివారం ఆ చీటీలు విప్పేది నేను, ఒక్కొక్కటీ చదివి కళ్ళు తుడుచుకునేది నేను, అన్నీ కాగితం మీద పొందిగ్గా రాసిచ్చేది నేను. ఆయన ముందుగా చూడను కూడా చూడడు, తిన్నగా మైకు ముందే మడత విప్పుతాడు. ఏ వారమైనా తనే పెట్టె తెరుస్తాడేమోనని నేనూ ఒక చీటీ వేస్తుంటాను. అది పదిహేడేళ్ళుగా నా చేతికే తిరిగొస్తోంది. దాన్ని మాత్రం కాగితం మీదకి ఎక్కించను.

ఈసారి మొట్టమొదట అదే రాశాను.

ఆదివారం ప్రసంగం బాగా పండింది. వినడమే దేవుడన్నాడు. కొందరు నొసలు చిట్లించారు, కొందరు తలలూపారు. తర్వాత కాగితం విప్పి ఎప్పటిలాగే గడగడా అందుకున్నాడు.

"ఏడు రోజులు బతికిన నా కూతురి కోసం. వాళ్ళ నాన్న నోట దాని పేరు ఒక్కసారి వినాలని..."

అక్కడ ఆగిపోయాడు. ఆ పక్కనే పాప పేరు రాసి ఉంది. విన్నపం అయిపోయిందనుకుని అందరూ "ప్రభువా, ఆలకించుము" అన్నారు. ఆయన తలెత్తి వరసల్లో నన్ను వెతికాడు. అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకుని లేచి నిలబడ్డాను.

"వింటున్నానండీ," అన్నాను. "చెప్పండి."