లీవు అయిపోయిన తమ్ముడు

మా తమ్ముడు మోహన్‌కృష్ణ నేవీ ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయింది. అయినా ఏడాదిగా రోజూ సాయంత్రం కాఫీ తాగగానే వాడికి లీవు అయిపోతుంది. రెక్సిన్ సంచిలో రెండు చొక్కాలు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను సర్దుకుంటాడు. బూట్లు తుడుచుకుని, "అక్కా, డ్యూటీలో చేరల్ల. పోయొస్తా" అని కార్వేటినగరం బస్టాండుకు నడుస్తాడు. వీధి మలుపు తిరిగేలోగా రెండు మూడుసార్లు ఆగి ఇంటివైపు చూస్తాడు. మతి చెదిరిన మనిషి, దారి గుర్తు పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాం.

బస్టాండులో టీ అంగడి చిన్నబ్బ వాణ్ణి కూర్చోబెట్టి, తమ్ముడి కూతురు స్రవంతికి ఫోను చేస్తాడు. కండక్టర్లకూ అలవాటైపోయింది. "సార్, ఈ బస్సు పుత్తూరు దాకానే. సముద్రంలోకి పోయే బస్సు రేపుండాది" అంటారు. అందరూ నవ్వుతారు, వాడు తప్ప.

పోయిన మాఘంలో ఒకరోజు చిన్నబ్బ అంగడి తెరవలేదు. తమ్ముడు నగరి బస్సెక్కేశాడు. వెతగ్గా వెతగ్గా నగరి స్టేషన్లో, మద్రాసు పోయే రైలు దగ్గర దొరికాడు. అప్పటికే ఒక కాలు రైలు మెట్టు మీద ఉందట. ఆ ఒక్క కాలు నా కంటికి కునుకు లేకుండా చేసింది. ఈసారి రెండో కాలు కూడా పెడితే వాడిక మాకు దక్కడు.

ఉపాయం స్రవంతే చెప్పింది. వాడు పనిచేసిన సబ్‌మెరీన్‌ను, అంటే నీళ్ల అడుగున పోయే యుద్ధపు ఓడను, విశాఖపట్నంలో ఒడ్డుకు లాగి ఇసకలో నిలబెట్టి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారట.

"అత్తా, ఒకసారి కండ్లారా చూడనీ. అది ఇంక యాడికీ పోదని తెలిస్తే నాయనా పోడు."

"తెలిసి గుండె పగిలితే?"

"రైలు కింద పడేదానికంటే మేలే గదా."

ముగ్గురం తిరుపతిలో రైలెక్కాం. దారి పొడుగునా వాడి చొక్కా అంచు నా వేలికి చుట్టుకునే కూర్చున్నాను.

ఓడను చూస్తే ఎవరో భారీ మనిషి ఇనుప దుప్పటి కప్పుకుని మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టుంది. దాని కడుపు కింద నీళ్లు లేవు. మొక్కజొన్న కంకులు తిని పారేసిన బెండ్లున్నాయి. తమ్ముడు అవేవీ చూడలేదు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, నడుము నిటారు చేశాడు, సంచి భుజాన వేసుకుని మెట్లవైపు నడిచాడు.

నా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచి, మరమరాల బండి చాటుకు పోయి నిలబడ్డాయి.

పెళ్లయిన నాలుగో ఏడే మా ఆయన పోయారు. ఆ తరవాత ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. తప్పుకోమని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు. అప్పట్లో తమ్ముడి లీవు అయిపోయిన ప్రతిసారీ పక్కింటి మునిలక్ష్మి నీళ్లబిందెతో ఎదురొచ్చేది. నేను పొయ్యి దగ్గర కూర్చుని బస్సు హారను కోసం చెవి పెట్టుకునేదాన్ని. సముద్రం అడుగుకు పోయేవాడికి నా ముఖం శకునమైతే ఎట్లా? ఇన్నేళ్లకు, ఇంత దూరం వచ్చి, నిద్రపోతున్న ఓడ ముందర కూడా ఆ భయమే నన్ను లాక్కుపోయింది.

మెట్ల దగ్గర వరుస ఆగిపోయింది.

"కదలండి తాతగారూ, వెనకాల జనం ఉన్నారు" అంటున్నాడు ఏబెల్. ఓడ చూపించే మనిషి అతను.

"ఉండప్పా. మా అక్క యాడ?"

"వస్తుంది పద నాయనా" అని స్రవంతి చెయ్యి పట్టి లాగుతోంది.

"రాదు. నాకు తెలుసు. ఇన్నిసార్లు పోయినాను, ఒక్కసారీ ఎదురు రాలేదు. మలుపు తిరిగేదాకా సూస్తానే ఉంటా."

బండి చాటు నుంచి ఎప్పుడు బయటికొచ్చానో తెలీదు. వాడి ముందర నిలబడి, "నేను రాకూడదు గదరా" అన్నాను.

"మునిలక్ష్మి వచ్చేదిలే, బిందె ఎత్తుకోని. ఆ బిందెలో నీళ్లు కూడా సగమే. ఆమె ముఖం నాకెందుకక్కా?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు నా ముఖాన్ని తీరిగ్గా, పటం చూసినట్టు చూశాడు. తరవాత నా మోచెయ్యి పట్టుకుని, "తల వంచు, వాకిలి తక్కువెత్తు" అని తనే లోపలికి నడిపించాడు.

లోపల ఎర్రటి దీపాలు. గోడల నిండా గొట్టాలు, చక్రాలు. చదువు నాకు నేనే కూడబలుక్కున్నది కాబట్టి బోర్డు కనిపిస్తే చదవకుండా కదల్లేను. ఒక్కో బోర్డూ పెదవులతో చదువుకుంటూ, గుండ్రటి తలుపులు వంగి వంగి దాటాను. వంటగదిలో తెల్లబట్టల బొమ్మ ఒకటి గరిటె పట్టుకుని ఉంది.

"వీడెవుడు, కొత్తోడా?" అన్నాడు తమ్ముడు. "ఇంత తెల్లగుడ్డలతో వండినాడంటే వంట చేతకానోడే."

వాడి మంచం దొరికింది. ఒకదాని మీద ఒకటి మూడు పలకలు, నడిమిది వాడిది. దాని మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. కాళ్ల కింద ఇనుము మెల్లగా ఊగింది. తల మీద సముద్రం ఉన్నట్టు, దానిలోంచి మా వీధి, మా వంటిల్లు, పొయ్యి తేలుతూ దాటిపోతున్నట్టు అనిపించింది. ఒక గుండ్రటి తలుపు అవతల మా నాయన చుట్ట వాసన. ఇంకో తలుపు అవతల మా ఆయన దగ్గు. ఎవరూ దూరం కావడం లేదు, పక్క గదుల్లోనే ఉన్నారు. ఇన్నాళ్లూ పోయేవాళ్ల చప్పుడు విని ఊరుకున్నదాన్ని. పోయేవాళ్లతో పాటు లోపల ఉండటం అదే మొదటిసారి.

"అమ్మా, బయటికి దారి ఇటు" అన్నాడు ఏబెల్.

ఒక కొసన ఎక్కాం, రెండో కొసన దిగాం. ఎండ కళ్లల్లో పడింది. తమ్ముడు ఆఖరి మెట్టు మీద ఆగి చుట్టూ చూశాడు.

"ఇది యే రేవు?"

"విశాఖపట్నం, తాతగారూ."

"అయితే దిగినట్టేనా?"

స్రవంతి ఏబెల్ వైపు చూసింది. అది చెప్పించడానికే కదా ఇంత దూరం వచ్చాం. ఏబెల్ మా ముఖాలు చూసి, "దిగినట్టేనండీ. అందరూ దిగిపోయారు, మీరే ఆఖరు" అన్నాడు.

తమ్ముడు తల ఊపాడు. భుజం మీది సంచి తీసి స్రవంతి చేతికిచ్చాడు. వంగి బూట్లు విప్పాడు. గుండె పగిలినవాడిలా లేడు, ఆకలైనవాడిలా ఉన్నాడు.

"అక్కా, లోపలుంటే సముద్రం కనపడదు తెలుసునా? పనిచేసినన్నాళ్లూ చప్పుడే విన్నాను. పదా, సూస్తాం."

నీళ్ల అంచున ఇద్దరం నిలబడ్డాం. అల వచ్చి పాదాలు ముంచి వెనక్కి మళ్లింది. నా మడమల కింద నేల జారింది. నన్ను వెనక్కి, వాణ్ణి లోపలికి ఎవరో ఈడ్చుకుపోతున్నట్టయింది. గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను.

"భయపడొద్దక్కా. మనం యాడికీ పోవడంలా. ఇసక పోతా ఉండాది, అంతే."

ఇంకో అల కోసం వాడు ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకున్నాడు.